ఆ ఐదొందలు మాత్రం ఇవ్వకండి

ప్రశ్న: మా అమ్మ వాడే ఆరేళ్ల నాటి ఆండ్రాయిడ్ ఫోన్ కంపెనీ లోగో దగ్గరే ఆగిపోయేది. షాపులో ఇస్తే ‘సాఫ్ట్‌వేర్ వేయాలి’ అని రూ.800 తీసుకున్నారు. ఇప్పుడు ఆన్ అవుతోంది, కానీ సిగ్నల్ లేదు. ఫోటోలన్నీ పోయాయి. అడిగితే ఇంకో రూ.500 ఇస్తే ‘కొత్త ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు) ఎక్కిస్తాం’ అంటున్నారు. ఇవ్వొచ్చా? కేసు వేయొచ్చా? ఇంట్లో నేనే ఫర్మ్‌వేర్ (ఫోన్‌ను నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్) వేసుకుంటే నేరమా?

జవాబు: మీ ఫోన్‌లో కంపెనీ ఫర్మ్‌వేర్ మీరే వేసుకోవడం నేరం కాదు. అంత పాత ఫోన్‌కి వారంటీ పోతుందన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. అసలు ప్రమాదం ఆ రూ.500 దగ్గరుంది.

ముందు *#06# నొక్కి చూడండి. సున్నాలు వచ్చినా, ఏమీ రాకపోయినా ఐఎంఈఐ చెరిగిపోయినట్టే. మీడియాటెక్ చిప్ ఫోన్లలో ఇది మామూలే. ఫర్మ్‌వేర్ ఎక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్ ‘ఫ్లాష్ టూల్’లో ‘డౌన్‌లోడ్ ఓన్లీ’కి బదులు ‘ఫార్మాట్ ఆల్’ పెడితే ఫర్మ్‌వేర్‌తో పాటు ఆ నంబరున్న భాగమూ తుడిచిపెట్టుకుపోతుంది. షాపువాళ్లు ఎక్కిస్తామంటున్నది చాలాసార్లు వేరే ఫోన్‌కి చెందిన ఐఎంఈఐనే. 2024 నాటి టెలికాం సైబర్ భద్రతా నిబంధనల ప్రకారం ఐఎంఈఐని కావాలని మార్చకూడదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం సెక్షన్ 42 కింద దీనికి మూడేళ్ల వరకు జైలు, రూ.50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మార్చిన నంబరని తెలిసీ ఫోన్ దగ్గర పెట్టుకున్నవాళ్లూ ఇరుక్కుంటారు. అంటే రేపు పోలీసులు అడిగేది అమ్మగారినే. పెట్టె మీది నంబరు, బిల్లు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.

ఇక కేసు. డబ్బు తీసుకుని చేసిన పని కాబట్టి ఇది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 పరిధిలోకి వస్తుంది. బిల్లు ఇవ్వకపోతే యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజ్‌లు దాచండి. ‘ఐఎంఈఐ ఎక్కిస్తాం’ అన్నది మెసేజ్‌లో ఉంటే బంగారమే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తేలకపోతే రెండేళ్లలోపు మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే గనుక ఫీజు లేదు. ఫోటోల సంగతి మాత్రం నిజం చెప్పాలి: డేటా పోతుందని ముందే చెప్పి ఒప్పించి ఉంటే మీ వాదన బలహీనం. చెప్పకపోతే గట్టిగా అడగండి. అలాగని రూ.800 పనికి లక్షలు కోరితే కమిషన్ మెచ్చదు.

ఈసారి ఇంట్లో చేస్తే మోడల్ నంబరు అక్షరం తేడా లేకుండా సరిపోలిన ఫైలే వాడండి. ఇప్పుడున్న దానికంటే పాత వెర్షన్ చాలా ఫోన్లు తీసుకోవు, బలవంతం చేస్తే ఫోన్ ఇక ఆన్ కాని ఇటుకే. గూగుల్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో కూడా చూసుకోండి. లేదంటే రీసెట్ తర్వాత సొంత ఫోనే మిమ్మల్ని లోపలికి రానివ్వదు.