రాత్రికి నీడ వెతికేటప్పుడు

చిరంజీవి అమ్మలూ,

దుప్పట్ల పంపిణీ బాగా జరిగిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. బస్టాండ్ దగ్గర ఒకాయన దుప్పటి తీసుకుని "రేపట్నించి ఎక్కడ పడుకోవాలమ్మా" అంటే ఏం చెప్పాలో తోచలేదని మెసేజ్ పెట్టావు కదా. దానికి ఫోన్లో రెండు ముక్కలు చెబితే సరిపోదు, అందుకే రాస్తున్నాను. ఇల్లులేనివాళ్లు తలదాచుకునే షెల్టర్ నడిపిన రోజుల్లో నేను చూసింది, నేర్చుకున్నది ఇదీ.

మనిషి కనపడగానే ఫోన్ తీసి నంబర్లు నొక్కకు. ముందు పక్కన కూర్చో. వయసెంత, ఒంటరిగా వచ్చారా, పిల్లలున్నారా, ఒంట్లో ఎలా ఉంది, ఇల్లు ఎందుకు వదలాల్సొచ్చింది, ఇవన్నీ మెల్లగా తెలుసుకో. ఎవరిని ఎక్కడికి తీసుకెళ్లాలో ఆ జవాబులే చెబుతాయి. పేరు, ఊరు చెప్పకపోతే వదిలెయ్. మొదటి రోజే ఆధార్ అడిగావంటే రెండో రోజు ఆ మనిషి అక్కడ కనపడరు.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఒంటరిగా కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెయ్యి. జాలిపడి ఆ రాత్రికి మీ ఇంటికో, తెలిసినవాళ్ల ఆశ్రమానికో తీసుకెళ్లొద్దు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 24 గంటల్లో ఆ హెల్ప్‌లైన్‌కో పోలీసులకో చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. ఎక్కడ ఉంచాలన్నది బాలల సంక్షేమ కమిటీ చూసుకుంటుంది.

దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడవాళ్లయితే మహిళల హెల్ప్‌లైన్ 181కి చేసి సఖి కేంద్రం అడుగు. వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ అన్నీ అక్కడే దొరుకుతాయి, ఐదు రోజుల దాకా ఉండనిస్తారు. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే శక్తి సదన్, పాతవాళ్లు స్వధార్ అంటారు. కానీ అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. ఇల్లు భర్త పేరు మీదున్నా, అత్తగారి పేరు మీదున్నా ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంది. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ అది. ఆ మగాణ్ణే ఇంట్లోంచి బయటికి పొమ్మని కోర్టు చెప్పొచ్చు. కాబట్టి మంచం దొరికిందని ఊరుకోకుండా ఉచిత న్యాయసాయం నంబరు 15100కి చేసి లాయర్ని అడగమను. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు.

పెద్దవాళ్ల సంగతి వేరు. కొడుకు గెంటేశాడని ఒక్కరూ నోరు తెరిచి చెప్పరు. "వాడికి తీరిక లేదమ్మా" అంటారు. నువ్వు కూడా వెంటనే కేసు మాట ఎత్తకు, భయపడతారు. 14567 వృద్ధుల హెల్ప్‌లైన్, అక్కడ మాట్లాడించు. ఆ తర్వాత నెమ్మదిగా తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకి వచ్చిన 2007 చట్టం గురించి చెప్పు. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకుంటే పిల్లల చేత నెలకి పదివేల దాకా ఇప్పించొచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఇల్లు రాయించుకుని ఆనక వీధిలో పడేస్తే ఆ రాతకోతలు రద్దు చేసే వీలూ ఉంది. లాయర్ ఖర్చు భయం అక్కర్లేదు, కాగితం మీద రాసిస్తే చాలు.

తనలో తాను మాట్లాడుకుంటూ, చలికీ ఎండకీ తేడా తెలియకుండా తిరిగేవాళ్లని మామూలు షెల్టర్‌కి తీసుకెళ్తే నిర్వాహకుడు చేతులెత్తేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ బాధ్యత పోలీస్ స్టేషన్ అధికారి మీద పెట్టింది. 24 గంటల్లో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి చూపించాలి, లాకప్‌లో పెట్టకూడదు, మనిషి తప్పిపోయినట్టు ఎఫ్ఐఆర్ కట్టి ఇంటివాళ్లని వెతకాలి. స్టేషన్లో "మాకేం సంబంధం" అంటే నూరో సెక్షన్ అని నిదానంగా చెప్పు. గొంతు పెంచకు, పని చెడుతుంది.

ఇక మీ బస్టాండ్ ఆయన లాంటి వాళ్లు, అంటే పని చేసుకోగలిగి, అద్దె కట్టలేక రోడ్డున పడ్డవాళ్లు. వీళ్లకే నగరాల్లో మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ), మున్సిపాలిటీ షెల్టర్లు. లక్ష జనాభాకి కనీసం వంద మందికి చోటు ఉండాలన్నది కేంద్ర పథకం లెక్క. పగలూ రాత్రీ తెరిచే ఉంచాలి, మనిషికి యాభై చదరపు అడుగులు ఇవ్వాలి. ఇన్ని రాసుకున్నా సగం మందికి ఆ షెల్టర్ ఎక్కడుందో తెలియదు. బోర్డు ఉంటుంది, సందులో ఉంటుంది.

అందుకని ముందు నువ్వు వెళ్లి చూడు, అదీ రాత్రి తొమ్మిది దాటాక. పగలు వెళ్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. బాత్రూమ్ తలుపుకి లోపల గడియ ఉందా, ఆడవాళ్ల వైపు ఆడమనిషే వాచ్‌మన్‌గా ఉందా, లైట్లు వెలుగుతున్నాయా, దుప్పట్లు వాసనొస్తున్నాయా చూసుకో. మంచానికి కింద పెట్టె పెట్టుకుని తాళం వేసుకునే వీలుందా అన్నది మాత్రం తప్పకుండా అడుగు. మనిషి షెల్టర్‌కి రానంటే చాలాసార్లు కారణం వెంట ఉన్న సంచే. ఓ ముసలాయన తన గోనెసంచి నెత్తి కింద పెట్టుకుని, దాని తాడు చేతికి చుట్టుకుని పడుకునేవాడు. అందులో చనిపోయిన భార్య చీర, రేషన్ కార్డు, ఒక జత చెప్పులు ఉండేవి. లోపలికి సంచి వద్దన్నారని ఆయన చలిలోనే ఉండిపోయాడు. తాళమున్న పెట్టె ఇచ్చాకే వచ్చాడు.

మొగుడూ పెళ్లాలూ ఉంటే ఇంకో చిక్కు. చాలా షెల్టర్లు ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు. ఇద్దర్నీ విడదీసి చెరో చోట పంపితే తెల్లారేసరికి ఇద్దరూ ఫుట్‌పాత్ మీదే ఉంటారు. కుటుంబాలని తీసుకునేవి ఏవో ముందే రాసి పెట్టుకో. పెద్దాసుపత్రికి పేషెంట్‌తో వచ్చినవాళ్లయితే ఆసుపత్రి దగ్గర అటెండెంట్ల షెల్టర్ ఉందేమో ముందు కనుక్కో.

ఇంకో ముఖ్యమైన మాట. అడ్రస్ చీటీ చేతిలో పెట్టి పంపించెయ్యకు. వెంట వెళ్లు. గేటు దగ్గర "నిండిపోయింది" అన్న మాట నీ ముందు చెప్పడం కొంచెం కష్టం. నిజంగానే నిండితే పక్క షెల్టర్‌కి వాళ్ల చేతే ఫోన్ చేయించు. ఆధార్ లేదని వెనక్కి పంపిస్తామంటే, ఇల్లే లేని మనిషికి కార్డు ఎక్కణ్ణించి వస్తుందని అడుగు.

చేరాక కాగితాల పని మొదలుపెట్టు, అక్కడే అందరూ అలసిపోతారు. గుర్తింపు పొందిన షెల్టర్ పెద్ద రాసిచ్చే సర్టిఫికెట్ ఆధార్ నమోదుకి పనికొస్తుంది. ఓటరుగా చేర్చడానికి ఇల్లు ఉండక్కర్లేదు. ఫారం 6లో వాళ్లు పడుకునే చోటు రాస్తే చాలు, బీఎల్వో, అంటే ఓటర్ల జాబితా చూసే బూత్ అధికారి, రాత్రిపూట వచ్చి నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూసుకుంటారు. ఎంత మంది అధికారులకి ఈ నియమం తెలియదో! అచ్చువేసిన కాపీ ఒకటి బ్యాగులో ఉంచుకో. పింఛను, రేషన్, బ్యాంకు ఖాతా ఆ తర్వాత ఒక్కొక్కటీ వస్తాయి.

సొంతిల్లు అంటే పీఎంఏవై, అదే ప్రధానమంత్రి ఆవాస్ యోజన, ఉంది. అయితే సొంత జాగా ఉంటేనే ఇంటి కట్టుబడికి డబ్బొస్తుంది, లేకపోతే అందులోనే భాగస్వామ్యంలో కట్టే ఇళ్లూ, అద్దె ఇళ్ల విభాగమూ చూడాలి. రోడ్డు మీద ఉన్న మనిషికి అది వెంటనే అందే సంగతి కాదు. ఆశపెట్టి తిప్పకు. అర్జీ మాత్రం సోమవారం కలెక్టరేట్లో ఇప్పించి, రసీదు తీసుకుని, నంబరు రెండు చోట్ల రాసుకో.

ఈ వారం ఒక నోటు పుస్తకంలో మీ ఏరియా షెల్టర్లన్నీ రాసి, ఏది ఎవరికో గుర్తు పెట్టుకుని నాకు ఫోటో పంపు. మీ బస్టాండ్ ఆయన్ని ఆ సంచి సంగతి అడగడం మర్చిపోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ