ఆకాశంలో అజాగ్రత్తకు శిక్ష వేసేది ఎవరు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. ఈమధ్య ఒక ఆదివారం సాయంత్రం మా మామగారు బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర పిట్టగోడ మీద కూర్చుని ఉండగా, పెళ్లి ఫొటోల కోసం ఎగరేసిన డ్రోన్ ఒకటి అదుపు తప్పి వచ్చి ఆయన ముంజేతికి తగిలింది. దాని రెక్క కోసుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. ఎగరేసిన కుర్రవాడు "సారీ తాతగారూ" అని చెప్పి, డ్రోన్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. స్టేషన్‌కు వెళితే, "ఇవి కేంద్రం పరిధిలోనివమ్మా, మా దగ్గర సెక్షన్ లేదు" అన్నారు. ఫ్లోరిడాలో విమానం నడపడం నేర్చుకుంటున్న మా అబ్బాయి మాత్రం అక్కడ రాష్ట్రాలే ఇలాంటి చట్టాలు చేసుకున్నాయని చెబుతున్నాడు. మన రాష్ట్రానికి ఎందుకు లేవు? మేము ఎవరి దగ్గరికి వెళ్లాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, స్టేషన్‌లో మీతో అన్న మాటలో సగం నిజం ఉంది. ఆ సగం మిగతా సగాన్ని కప్పేసింది కనుక, ముందు మీరు చేయవలసిన పని చెప్పి, రాష్ట్రాల సంగతి తరువాత వివరిస్తాను.

భారతీయ న్యాయ సంహితలోని 125వ సెక్షన్ ప్రకారం, ఇతరుల ప్రాణానికి గానీ భద్రతకు గానీ ముప్పు తెచ్చేంత నిర్లక్ష్యంగా ప్రవర్తించడం నేరం. దానివల్ల ఎవరికైనా గాయమైతే ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తీవ్ర గాయమైతే జైలు శిక్ష మూడేళ్ల వరకు ఉంటుంది. ఆ నిర్లక్ష్యం స్కూటరుతో జరిగిందా, డ్రోన్‌తో జరిగిందా అని ఆ సెక్షన్ అడగదు. కాబట్టి కుట్లు వేసిన ఆసుపత్రి నుంచి గాయాల ధ్రువపత్రం తీసుకోండి, అక్కడ ఉన్నవారు ఫోన్లలో తీసిన దృశ్యాలేమైనా ఉంటే సేకరించండి, ఆ రోజు ఫొటోలు తీసిన స్టూడియో ఏదో విచారించండి, ఆపైన లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును పై అధికారులకు పోస్టులో పంపే హక్కును, అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించే హక్కును భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ మీకు ఇస్తోంది.

ఇక కేంద్రం పరిధి అన్న మాటకు వద్దాం. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో కేంద్ర జాబితాలోని 29వ అంశం విమానాలను, వాయుయానాన్ని, విమానాశ్రయాలను పూర్తిగా పార్లమెంటుకు అప్పగించింది. అందుకే ఆంధ్రప్రదేశ్ శాసనసభ "ప్రమాదకరంగా విమానం నడపరాదు" అంటూ సొంత చట్టం చేయలేదు. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో వచ్చి, 2025 జనవరి 1 నుంచి అమలవుతున్న భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 ప్రకారం, నేల మీద గానీ నీటి మీద గానీ గాలిలో గానీ మనుషులకు, ఆస్తులకు అపాయం కలిగేలా ఉద్దేశపూర్వకంగా విమానం నడిపినవారికి రెండేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇక్కడ "ఉద్దేశపూర్వకంగా" అన్న మాట ముఖ్యం. మీ మామగారిని గాయపరచిన కుర్రవాడిది అజాగ్రత్తే తప్ప ఉద్దేశం కాదు కనుక, అతనికి ఎక్కువగా వర్తించేవి 2021 డ్రోన్ నియమాలు. వాటిలో గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు.

ఆ నియమాల ప్రకారం ఎక్కడ స్వేచ్ఛగా ఎగరేయవచ్చో, ఎక్కడ అనుమతి కావాలో తెలిసేలా ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించి, డిజిటల్ స్కై అనే ఆన్‌లైన్ వేదికలో మ్యాపుగా పెట్టారు. మన ఊరికి ఇది ఎంతో అవసరం. విశాఖ విమానాశ్రయం రన్‌వే నౌకాదళ వైమానిక స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగాది, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్నదీ ఇక్కడే. సాయంత్రం ఇసుకలో కూర్చున్నవారికి తలెత్తితే నౌకాదళ హెలికాప్టర్ తీరం వెంబడి తక్కువ ఎత్తులో పోతూ కనిపిస్తుంది. ఖాళీగా ఉందనుకుని డ్రోన్ వదిలే ఆకాశం నిజానికి వాళ్ల దారి. మ్యాపు చూడకుండా బీచ్ రోడ్డులో డ్రోన్ ఎగరేయడం, అది ఎంత చిన్నదైనా సరే, నా దృష్టిలో క్షమించదగిన పొరపాటు కాదు.

మీ అబ్బాయి చెప్పిందీ నిజమే. అమెరికాలో గగనతలంపై అధికారం కేంద్ర ప్రభుత్వానిదే అయినా, ఇతరుల ప్రాణానికి, ఆస్తికి ముప్పు కలిగేలా అజాగ్రత్తగా విమానం నడపరాదని కేంద్ర నిబంధన ఉన్నా, చాలా రాష్ట్రాలు అదే అర్థంతో తమ సొంత నేరచట్టాలు చేసుకున్నాయి. ఫ్లోరిడా చట్టం మద్యం మత్తులో గానీ, అజాగ్రత్తగా గానీ గాలిలో, నేల మీద, నీటి మీద విమానం నడపడాన్ని నేరంగా పరిగణిస్తుంది. కాలిఫోర్నియాలోనూ ఇలాంటిదే ఉంది. టెక్సాస్‌లో ప్రాణాపాయం వంటి అత్యవసరం లేకుండా రహదారి మీద విమానం దించడం కూడా నేరమే.

ఫ్లోరిడా చట్టానికి అసలు పరీక్ష 2002 జులై 1న మయామీలో ఎదురైంది. తనిఖీ దగ్గర కాఫీ కప్పుల విషయమై వాదనకు దిగిన ఇద్దరు పైలట్ల నోట మద్యం వాసన గమనించిన సిబ్బంది ఫిర్యాదు చేయగా, వందమందికి పైగా ప్రయాణికులతో గేటు వదిలిన విమానాన్ని వెనక్కి రప్పించి ఇద్దరినీ అరెస్టు చేశారు. గగనతలం కేంద్రానిది గనుక రాష్ట్రం తమను విచారించజాలదని పైలట్లు వాదించారు. దిగువ ఫెడరల్ న్యాయస్థానం మొదట ఒప్పుకున్నా, 2004లో అప్పీలు న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి, రాష్ట్ర విచారణకు అడ్డు తొలగించింది. అప్పటికి విమానాన్ని ట్రాక్టరు నెడుతోంది, తాము నడపడం లేదు అన్న వాదననూ జ్యూరీ అంగీకరించలేదు. 2005లో కెప్టెన్‌కు ఐదేళ్లు, సహ పైలట్‌కు రెండున్నరేళ్లు శిక్ష పడింది.

మన దేశంలో ఇదే చిక్కుముడి మరో విధంగా విడిపోయింది. 2022లో ఝార్ఖండ్‌లోని దేవ్‌ఘర్ విమానాశ్రయంలో, తమ విమానం సూర్యాస్తమయం తరువాత బయలుదేరేందుకు అనుమతి ఇమ్మని ఇద్దరు ఎంపీలు, మరికొందరు నియంత్రణ గదిలోని అధికారులపై ఒత్తిడి తెచ్చారన్న ఆరోపణపై రాష్ట్ర పోలీసులు కేసు పెట్టారు. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థిస్తూ, విమానాల చట్టం కింద నేరాలను న్యాయస్థానం విచారణకు స్వీకరించాలంటే అధీకృత పౌర విమానయాన అధికారి ఫిర్యాదు గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలని చెప్పింది. అయితే పోలీసులు సేకరించిన సమాచారాన్ని ఆ అధికారికి పంపవచ్చునని దారి కూడా చూపింది. మీ స్టేషన్‌లో జరగవలసింది ఇదే: గాయం విషయమై కేసు నమోదు చేయాలి, డ్రోన్ నియమాల ఉల్లంఘన విషయమై పౌర విమానయాన డైరెక్టరేటుకు నివేదిక పంపాలి. ఒక్కో రాష్ట్రం ఒక్కో విమాన చట్టం చేయడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఇక్కడ ఎగిరినది గంటలో ఒడిశా చేరుతుంది. కానీ అధికారం ఢిల్లీలో ఉంది గనుక గాయపడిన వృద్ధుడిని తిప్పి పంపడం న్యాయం కాదు.

పరిహారం గురించి మీరు అడగలేదు గానీ, తెలుసుకోవడం మంచిది. డ్రోన్ల వల్ల మూడవ వ్యక్తికి కలిగే నష్టానికి మోటారు వాహనాల చట్టంలోని బీమా, పరిహారం నిబంధనలే వర్తిస్తాయి. 250 గ్రాములు మించని నానో డ్రోన్లకు మాత్రం బీమా తప్పనిసరి కాదు. అందుచేత ఆ డ్రోన్ బరువెంత, దానికి విశిష్ట గుర్తింపు సంఖ్య ఉందా, బీమా ఉందా అన్న మూడు ప్రశ్నలను ఫిర్యాదులోనే రాయండి.

ప్రశ్న: మాది గోపాలపట్నం. పెళ్లి ఊరేగింపుల్లో లేజర్ లైట్లు ఆకాశంలోకి వేస్తుంటారు. విమానాశ్రయం పక్కనే ఉంది కదా, ఇది తప్పు కాదా?
– ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: తప్పే, పైగా పెద్ద తప్పు. నేల మీద సన్నని గీతలా కనిపించే లేజర్ కాంతి, దూరంగా చీకట్లో ఉన్న కాక్‌పిట్ అద్దం మీద పడేసరికి అంతటా పరచుకుని, నేలకు దిగుతున్న పైలట్ కళ్లను కొన్ని క్షణాలు పనిచేయనివ్వదు. అమెరికాలో 2012 నుంచి ఇది ఐదేళ్ల వరకు జైలు పడే కేంద్ర నేరం. ఇక్కడ శాంతిభద్రతలు రాష్ట్రానివి గనుక, నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద పోలీసు కమిషనర్ విమానాశ్రయ పరిసరాల్లో వీటిని నిషేధించవచ్చు. ఆ ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి అమలులో ఉండదు, కాబట్టి పెళ్లిళ్ల కాలం మొదలయ్యే ముందే కాలనీ సంఘం తరఫున కమిషనర్‌కు వినతిపత్రం ఇవ్వండి. కళ్ల ముందే జరుగుతుంటే 112కు ఫోన్ చేసి, ఊరేగింపు ఏ వీధిలో ఉందో, కాంతి ఏ దిక్కుకు పడుతోందో చెప్పండి.