నాలుగో వాద్యం లేకపోతే లోటా?

ప్రశ్న: పాశ్చాత్య స్వరకర్తలు బీథోవెన్, షూబర్ట్‌ల తీగవాద్య త్రయాలను (మూడు తీగవాద్యాల కోసం రాసిన రచనలను) ఈమధ్యే వినడం మొదలుపెట్టాను. నాలుగు వాద్యాల చతుష్టయాలతో పోలిస్తే ఇవి పలుచగా, ఒక్కోచోట ఖాళీగా అనిపిస్తున్నాయి. ఇది రచనలోని లోపమా, నేను వినే తీరులోని లోపమా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీకు వినిపించిన పలుచదనం నిజమే గాని, అది లోపం కాదు. చతుష్టయంలో రెండో వయొలిన్, వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, మంద్రంగా పలికేది) కలిసి మోసే మధ్యభాగపు బరువంతా త్రయంలో వయోలా ఒక్కదాని మీదే పడుతుంది. పాశ్చాత్య స్వరసమ్మేళనం నిండుగా పలకాలంటే కనీసం మూడు స్వరాలు కావాలి కనుక, వయొలిన్, వయోలా, అన్నిటికంటే మంద్రంగా పలికే చెల్లో అనే త్రయపు మూడు వాద్యాలలో ఏ ఒక్కటి ఆగినా ఆ చోటు బోసిపోతుంది. అందుకే స్వరకర్తలు తరచుగా ఒకే వాద్యం మీద రెండు తీగలను కలిపి పలికిస్తారు. వయొలిన్‌ను పక్కవాద్యంగా వినే అలవాటున్న మనకు, ముగ్గురూ సమానంగా బాధ్యత పంచుకునే ఈ పద్ధతి మొదట్లో కొత్తగా ఉండడం సహజం.

బీథోవెన్ 1798లో వియన్నాలో ప్రచురించిన ఓపస్ 9 (ఓపస్ అంటే ప్రచురిత రచన సంఖ్య) త్రయాలు మూడు. వాటిని తన పోషకుడైన కౌంట్ బ్రౌన్‌కు అంకితమిస్తూ, అప్పటికి తన రచనల్లో ఇవే ఉత్తమమైనవని ఆయనే రాశాడు. మూడోదైన సి మైనర్ త్రయం ఆరంభాన్ని శ్రద్ధగా వినండి: మూడు వాద్యాలూ వేర్వేరు స్థాయిల్లో ఒకే స్వరాలను పలుకుతూ, తగ్గు గొంతుతో నాలుగు స్వరాలుగా కిందికి దిగుతాయి. మీరు ఖాళీ అన్నది అక్కడ ఉత్కంఠగా మారుతుంది. ఆఖరి భాగం కూడా ఆర్భాటం లేకుండా, సద్దుమణిగినట్టు ముగుస్తుంది. ఆ తరువాత ఆయన చతుష్టయాల వైపు మళ్ళాడు. తీగవాద్య త్రయం మళ్ళీ రాయలేదు.

షూబర్ట్ త్రయాల చట్రం మోత్సార్ట్ నాటిదే కాబట్టి, వాటిని రొమాంటిక్ (మోత్సార్ట్ తరువాతి, భావావేశానికి పెద్దపీట వేసిన ధోరణి) అనేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. పాటలా సాగే వరుసలలోనూ, తలవని తలంపుగా శ్రుతి మారే మలుపులలోనూ మాత్రం కొత్త యుగం వినిపిస్తుంది. 1816లో మొదలుపెట్టిన త్రయాన్ని ఆయన రెండో భాగం మధ్యలోనే వదిలేశాడు. మరుసటి ఏడు, ఇరవయ్యేళ్ళ వయసులో, నాలుగు భాగాల త్రయాన్ని పూర్తిచేశాడు. ఇంట్లో తండ్రి చెల్లో, అన్నలు వయొలిన్లు వాయిస్తుంటే తాను వయోలా పట్టిన మనిషి ఆయన. ఆ త్రయంలోని మినుయెట్ (నృత్యపు నడకలో సాగే భాగం) మధ్యభాగంలో పాటను వయోలాకే అప్పగించాడు. ఈసారి వినేటప్పుడు వయొలిన్‌ను కాసేపు పక్కనపెట్టి, ఆ గొంతునొక్కదాన్నే వెంబడించండి.