సైలెన్సర్ మౌంట్ దగ్గర అల్యూమినియం బాడీ పగిలితే వెల్డింగ్ నిలుస్తుందా?

నిలుస్తుంది. కానీ సైలెన్సర్‌ని వేలాడదీసే రబ్బర్లు మార్చకుండా ఒక్క వెల్డింగే పెట్టిస్తే మాత్రం నిలవదు. మీ స్పోర్ట్స్ కారుకి అక్కడ పగులు వచ్చింది, ఎవరిచేత చేయించాలి అని అడిగారు. అసలు ఎందుకు పగిలిందో ముందు చూడండి అంటాను నేను.

మా బావగారిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు డోర్ల కారు. సంక్రాంతికి పాలకొల్లు వచ్చారు, ముక్కనుమ నాడు అంతర్వేది వెళ్లాం. ఇంత కిందకి ఉండే కారుని గోదావరి దాటించే పంటు (బండ్లనీ ఎక్కించుకునే పెద్ద పడవ) ఎక్కించడం ఎందుకని తిరుగు ప్రయాణం చించినాడ వంతెన మీదుగా పెట్టుకున్నాం. వంతెన దాటాక వెనకాల టంగు టంగుమని ఒకటే మోత. దిగి చూస్తే, ఆరు నెలల కింద సిటీలో వేలు పోసి పెట్టించిన వెల్డింగ్ అలాగే ఉంది, దాని పక్కనే కొత్తగా చీలింది. ఆయన ముఖం చూసి నాకే బాధేసింది.

రొయ్యల చెరువుల ఏరియేటర్లకీ (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) పడవలకీ ఆర్గాన్ వెల్డింగ్ (గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదులుతూ పెట్టేది) పెట్టే పెద్దాయన ఒకరు నాకు తెలుసు, ఆయన దగ్గరకి తీసుకెళ్లాం. పగులు జోలికి పోకుండా ఆయన ముందు సైలెన్సర్ రబ్బరుని గోటితో నొక్కారు. చెక్కలా ఉంది. రెండోదైతే తెగే పోయింది. అంటే ఇంజిన్ ఊగినప్పుడల్లా ఆ కుదుపంతా నేరుగా రేకు మీద పడుతోందన్నమాట. ఉక్కుకైతే ఒక హద్దు లోపల ఎన్నిసార్లు కుదిపినా అలసట రాదు, అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న కుదుపులే లక్షల సార్లు పడితే ఎప్పటికో ఒకప్పటికి పగులుతుంది. మా వైపు రంగు కూడా వేయకుండా ఇంటికొకటి చొప్పున పోసే స్పీడ్ బ్రేకర్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు, వాటి గురించి పంచాయతీలో అడిగి అడిగి విసిగిపోయాను.

తర్వాత పగులు మీద కిరోసిన్ రాసి, తుడిచేసి, సుద్దపొడి చల్లారు. కాసేపటికి తడి గీత పైకి తేలింది. కంటికి కనపడిన దానికంటే అది ఇంకో రెండంగుళాలు పొడవుంది! పాత వెల్డింగ్ ఎందుకు ఓడిపోయిందో నాకు అప్పుడు అర్థమైంది. పగులు ఇంకా పాకకుండా ఆ రెండు చివర్లా చిన్న రంధ్రాలు వేసి, అసిటోన్‌తో బాగా కడిగి, అల్యూమినియానికే విడిగా ఉంచుకున్న స్టీల్ బ్రష్‌తో రుద్దారు. చాలా షాపుల్లో ఇనుము గీకిన బ్రష్షే దీనికీ వాడేస్తారు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, గాలి తగిలి దాని పైన పట్టే ఆక్సైడ్ పొర 2000 దాటితే గానీ కరగదు. ఆ పొర పోకపోతే అతుకు పైపైనే ఉంటుంది. "ఇనుము ఎర్రబడి చెప్తాదండి, ఇది చెప్పదండి, ఉన్నట్టుండి జారిపోతాది" అన్నారు పెద్దాయన.

రాడ్ (పగులులో కరిగించి నింపే అల్యూమినియం కడ్డీ) విషయంలో కూడా గట్టిగా అడగండి. చాలామంది 5356 అనే రకం పెడతారు, బలంగానే ఉంటుంది, కానీ అందులో మెగ్నీషియం ఎక్కువ, 65 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువ కాలం ఉంటే పగుళ్లు పడొచ్చు. సైలెన్సర్ పక్కన అంత వేడి తప్పదు కాబట్టి మాకు సిలికాన్ కలిపిన 4043 రకం పెట్టారు. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల రేకు మెత్తబడుతుంది కదా, అందుకని వెనకాల ఒక పట్టీ కూడా వేశారు. పాత ఇనుప బోల్టుల చుట్టూ తెల్లటి పొడి పట్టి ఉంది. రెండు లోహాలూ ఉప్పు గాలీ కలిస్తే అల్యూమినియాన్ని తినేస్తాయి, సముద్రం పక్కనుండే మనకి ఇది రోజూ కనపడేదే. మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు పెడితే వేడికి కరుగుతాయని బోల్టులు మార్చి పూత వేశారు.

ఒక్క జాగ్రత్త. జాగ్వార్ ఎఫ్-టైప్ లాంటి కార్లలో అల్యూమినియం ముక్కల్ని రివెట్లతో, జిగురుతో కలుపుతారు. అలాంటి జాయింటు పక్కన మంట పెడితే జిగురు కాలిపోతుంది. మీది ఆ రకమైతే వెల్డింగ్ వద్దు, ముక్క మార్చి రివెట్ చేయించండి. ఏదైనా సరే, బ్యాటరీ వైర్లు తీయకుండా టార్చ్ ముట్టించనివ్వకండి.

మా బావగారి కారు ఆ తర్వాత రెండు సంక్రాంతులకి వచ్చింది, అతుకు అలాగే ఉంది. మీ రబ్బర్లు నొక్కి చూసి, పగులు బోల్టు రంధ్రం దగ్గర మొదలైందా, పాత అతుకు పక్కన మొదలైందా రాయండి, మిగతాది అప్పుడు చెప్తాను.