విండోస్ 10 ఆగిపోయిందని 85 వేల కంప్యూటర్ కొనాలా?

ప్రశ్న: నాది ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చేది నెలకు 42,000. ఇంట్లో 2018లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఉంది. ఐ5-7400 ప్రాసెసర్, బీ250 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, ఇందులో విండోస్ 11 పడదంటున్నారు. నెట్ బ్యాంకింగ్ దీంట్లోనే చేస్తాను. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న మా అబ్బాయి వాలరెంట్ ఆడతాడు. షాపులో 85,000కి కొత్త సిస్టమ్ చెప్పారు, 16 శాతం వడ్డీతో 24 నెలల ఈఎంఐ. క్రెడిట్ కార్డు బాకీ 38,000, సేవింగ్స్‌లో 70,000 ఉన్నాయి. కార్డుకు ఏమీ కట్టకముందు నెలకు 6,000 మిగులుతుంది. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇప్పుడు వద్దు. మీ సిస్టమ్‌లో విండోస్ 11కి అడ్డం పడుతున్నది ప్రాసెసర్ ఒక్కటే. దానికోసం మొత్తం సిస్టమ్ మార్చక్కర్లేదు, పైగా తొందర కూడా లేదు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. 85,000కి 16 శాతం వడ్డీతో 24 నెలలంటే నెలకు సుమారు 4,160 కట్టాలి. మొత్తం దాదాపు 99,900 అవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మీ కార్డు దగ్గర ఉంది. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. ఆ లెక్కన 38,000కి నెలకు 1,330 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,570 దాకా తేలుతుంది. మిగిలే 6,000లో ఈఎంఐ పోగా 1,840 చేతిలో ఉంటుంది. అది కార్డుకు కడితే వడ్డీ పోను అసలులో మొదటి నెల తగ్గేది 270 రూపాయలు. అంటే రెండేళ్లు కొత్త కంప్యూటర్‌కు కడుతూనే ఉంటారు, అప్పటికీ కార్డు బాకీలో 27,000 దాకా మిగిలే ఉంటుంది.

‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా పూర్తిగా ఉచితం కాదు. వడ్డీ మేరకు ధరలో తగ్గించి చూపిస్తారు గానీ ఆ వడ్డీ మీద జీఎస్టీ మీకే పడుతుంది. వడ్డీ 6,000 అయితే జీఎస్టీ 1,080, ప్రాసెసింగ్ ఫీజు వేరే. పైగా కార్డులో బాకీ ఉండగా కొత్తగా గీకితే సాధారణంగా వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఇక కంప్యూటర్ సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. అయితే ఇళ్లలో వాడుకునేవాళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు తీసుకునే వీలుంది. సిస్టమ్ 22హెచ్2 (విండోస్ 10లో చివరిది) వెర్షన్‌లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉండాలి. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్ తెరిస్తే ‘ఎన్‌రోల్ నౌ’ అని కనిపిస్తుంది. అక్కడ 30 డాలర్లు కట్టమని ఒక ఆప్షన్ ఉంటుంది, అది మీకు అక్కర్లేదు. సెట్టింగ్స్‌ను అకౌంట్‌కు బ్యాకప్ చేసే ఆప్షన్ ఎంచుకుంటే ఉచితం. ఆ లింక్ కనపడకపోతే పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ వేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. నెట్ బ్యాంకింగ్ గురించి మీ భయం సబబే, కాబట్టి ఈ పని ఈ రోజే చేయండి.

ఆటకూ ఇప్పటికి ఇబ్బంది లేదు. వాలరెంట్‌తో వచ్చే వాన్‌గార్డ్ (ఆటలో మోసాలను పట్టే ప్రోగ్రామ్) టీపీఎం 2.0 (కంప్యూటర్ భద్రతకు వాడే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్) రెండూ ఆన్‌లో ఉండాలని గట్టిగా పట్టుబట్టేది విండోస్ 11లో. లేకపోతే వీఏఎన్ 9001 లేదా 9003 అని చూపించి ఆట తెరవదు. విండోస్ 10లో ఉన్నంతవరకు మీ అబ్బాయి ఆట మామూలుగానే సాగాలి. స్నేహితులు ఎవరైనా యూఎస్‌బీతో చెకింగ్‌లు దాటవేసి విండోస్ 11 వేసిస్తామంటారు. వేయడం కుదురుతుంది. కానీ అర్హత లేని మెషీన్‌కు అప్‌డేట్లు ఇస్తామనే హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వలేదు. బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో ఆ ప్రయోగం వద్దు.

అసలు అడ్డం ఎక్కడుందో తెలిస్తే షాపులో మోసపోరు. టీపీఎం చిప్ లేదని చెప్పి కొత్తది అమ్మడం మామూలైపోయింది. మీ తరం ఇంటెల్ ప్రాసెసర్లలో పీటీటీ పేరుతో టీపీఎం 2.0 ఉంటుంది, చాలా బోర్డుల్లో దాన్ని బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంచుతారు, అంతే. విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ల మైక్రోసాఫ్ట్ జాబితా మాత్రం కొద్ది మినహాయింపులతో ఇంటెల్ 8వ తరం నుంచే మొదలవుతుంది, మీది 7వ తరం. అయితే ఒక్క 8వ తరం ప్రాసెసర్ కొని పెట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది. దాని సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు కూడా ఎల్‌జీఏ 1151 కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. బీ250లో అది పనిచేయదు, ఇంటెల్ దానికి 300 సిరీస్ బోర్డు తప్పనిసరి చేసింది. ఇంటెల్ బదులు ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 1600 లాంటిది వాడుతున్నవాళ్లు ఈ విషయంలో నయం. వాటికి వాడే పాత ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5600 పెట్టుకోవచ్చు.

కాబట్టి మీరు మార్చాల్సింది బోర్డు, ప్రాసెసర్ మాత్రమే. డీడీఆర్4 తీసుకునే హెచ్610 బోర్డు, ఐ3-12100 ప్రాసెసర్ చాలు. పేరు ఐ3 అయినా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, మీ పాత ఐ5 కంటే మెరుగ్గా నడుస్తుంది. హెచ్610లో డీడీఆర్5 రకాలూ ఉన్నాయి, డబ్బా మీద డీడీఆర్4 అని చూసే తీసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, మీ పాత ర్యామ్ ఇప్పుడు డబ్బుతో సమానం. చివర ‘ఎఫ్’ ఉన్న 12100ఎఫ్ కొంచెం చవక. కానీ అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు, మీ పాత గ్రాఫిక్స్ కార్డు పోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. తేడా వెయ్యి, రెండు వేలే అయితే ఎఫ్ లేనిదే తీసుకోండి.

చాలామంది మరిచిపోయే ఖర్చు విండోస్ లైసెన్సుది. ఓఈఎం లైసెన్సు (కంప్యూటర్‌తో పాటే వచ్చేది) పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది, బోర్డు మారితే అది పోయినట్టే. రిటైల్ లైసెన్సు (విడిగా కొన్నది) అయితే కొత్త బోర్డుకు తెచ్చుకోవచ్చు. మీది ఏదో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో slmgr /dli అని టైప్ చేసి చూడండి, ఓఈఎం లేదా రిటైల్ అని అందులో రాసి ఉంటుంది. రిటైల్ అయితే బోర్డు మార్చకముందే దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ చేయండి. తర్వాత యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చామని చెప్తే కుదురుతుంది. ఓఈఎం అయితే విండోస్ 11 హోమ్‌కు సుమారు పది వేలు బడ్జెట్‌లో వేసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఐదొందలకు అమ్మే కీలు కంపెనీలకిచ్చిన వాల్యూమ్ కీలు కావచ్చు, ఎప్పుడు ఆగిపోతాయో చెప్పలేం.

బోర్డు మార్చిన రోజు ఎదురయ్యే మరో చిక్కు: 2018లో అసెంబుల్ చేసిన సిస్టమ్‌లలో డిస్క్ ఎంబీఆర్ (డిస్క్‌ను భాగాలుగా విభజించే పాత పద్ధతి) రకంలో ఉండొచ్చు. సెక్యూర్ బూట్ కోసం బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి డిస్క్‌ల నుంచి మొదలవడానికి వీలిచ్చే సెట్టింగ్) ఆఫ్ చేయగానే ‘బూట్ డివైస్ లేదు’ అంటుంది, డిస్క్ పోయిందని కంగారు పడతారు. ముందే ఫొటోలు, కాగితాలు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో మొదట వ్యాలిడేట్, తర్వాత కన్వర్ట్ చేయండి. సీఎస్ఎం జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చాలా అంటే, వాలరెంట్‌కు అక్కర్లేదు. 1050 టీఐ ఉన్న పాస్కల్ తరానికి ఎన్‌విడియా 2025 అక్టోబర్‌తో గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త ఆటల కోసం ఇచ్చే అప్‌డేట్లు) ఆపింది, సెక్యూరిటీ అప్‌డేట్లు మూడు నెలలకోసారి 2028 అక్టోబర్ వరకు ఇస్తానంది. పాత ఆటలు నడుస్తూనే ఉంటాయి. బ్యాటిల్‌ఫీల్డ్ 6 లాంటివి కావాలంటే మాత్రం కనీసం ఆర్‌టీఎక్స్ 2060, 16 జీబీ ర్యామ్, పైగా సెక్యూర్ బూట్ కావాలి. ఆ కోరిక ఈ ఏడాది బడ్జెట్‌లో పట్టదని అబ్బాయికి ఇప్పుడే చెప్పేయండి.

డబ్బు వరస ఇలా పెట్టుకోండి. సేవింగ్స్ నుంచి 20,000 తీసి ఈ నెలలోనే కార్డుకు కట్టండి. మీ ఖర్చు నెలకు 36,000 కాబట్టి చేతిలో 50,000 ఉండాల్సిందే, అంతకంటే తగ్గించొద్దు. మిగిలిన 18,000కి వచ్చే మూడు నెలలు ఆరేసి వేలు కడితే నాలుగో నెలలో వడ్డీతో కలిపి 1,600 చిల్లర బాకీ మిగులుతుంది, అదీ కడితే కార్డు ఖాళీ. ఆ నెలలో మిగిలిన 4,400, తర్వాతి మూడు నెలల ఆరేసి వేలు కలిపితే 22,000 దాటుతుంది. ఈలోగా కార్డు గీకకూడదు. అలా ఏడు నెలల్లో బోర్డు, ప్రాసెసర్ రొక్కానికే వస్తాయి. రెండు మూడు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి, రొక్కానికి ఎంత తగ్గిస్తారో అడగండి. లైసెన్సు కూడా కొనాల్సి వస్తే ఇంకో నెలా రెండు నెలల పొదుపు కలపాలి.

ఇంత చెప్పి ఒక మెలిక. మీ అబ్బాయి ఈ ఏడాదే ఇంటర్ పూర్తి చేస్తాడు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు వేరే ఊళ్లో వచ్చి హాస్టల్‌కు వెళ్తే ఇంట్లో డెస్క్‌టాప్ ఎవరికి? అలాగైతే బోర్డు కొనకుండా ఆ డబ్బు లాప్‌టాప్‌కు పక్కన పెట్టండి. బ్యాంకు పనులు గడువు తర్వాత ఫోన్‌లోని బ్యాంకు యాప్‌కు మార్చుకోండి. అందుకే సీటు ఖరారయ్యేదాకా ఏదీ కొనొద్దంటున్నాను.

లాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, విడిగా స్లాట్ ఉందా అని మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో చూడండి. అతికించిన 8 జీబీ అయితే తర్వాత పెంచే దారే ఉండదు, అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి. పాత బోర్డు, ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్‌లో ఎంతో కొంతకు పోతాయి, అమ్మేటప్పుడు మీ ఫైళ్లు ఉండే ఎస్ఎస్‌డీ మాత్రం ఊడదీసి మీ దగ్గరే ఉంచుకోండి.