1910లో ‘టాకీసులు’ ఉండేవా?

సందేహం: ఒక నగరంలోని పాత సినిమా హాళ్ల చరిత్ర రాస్తున్నాను. ‘1910 నాటికే డౌన్‌టౌన్‌లో నాలుగు టాకీసులు ఉండేవి’ అని రాస్తే, ఆ కాలానికి టాకీస్ అనకూడదని ఒక మిత్రుడు కొట్టేశారు. అసలు ‘టాకీసులు’ అనే బహువచనమే తప్పని కూడా అంటున్నారు. టాకీస్, థియేటర్, హాలు అన్నీ ఒకటే కదా? డౌన్‌టౌన్‌కు తెలుగు మాట ఉంటే అదీ చెప్పండి.

సమాధానం: మీ మిత్రుడి మొదటి అభ్యంతరం సరైనదే, రెండోది కాదు.

మామూలుగా మాట్లాడుకునేటప్పుడు మూడూ ఒకటే, ఎవరూ తేడా చూడరు. చరిత్ర రాస్తున్నప్పుడు మాత్రం చూడక తప్పదు. టాకీ అంటే మాట్లాడే బొమ్మ. మన దేశంలో తీసిన తొలి పూర్తి నిడివి టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాల్లో విడుదలైంది, తెలుగులో మరుసటి ఏడు ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. అంతకుముందు ఇక్కడ తీసినవి దాదాపు అన్నీ మూకీలే. ఆ మాట మాత్రం టాకీకి జోడీగా తర్వాత పుట్టింది. అన్నీ మూగబొమ్మలే అయిన రోజుల్లో మూగవని వేరే చెప్పుకోవలసిన పనేముంది?

నిజానికి హాలు పేరు చూస్తే చాలాసార్లు దాని కాలం తెలిసిపోతుంది, ఎందుకంటే అప్పటికి ఏది కొత్తో దాన్నే పేరులో పెట్టుకునేవారు. 1905లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నడిబొడ్డున తెరిచిన హాలు నికెలోడియన్. టికెట్టు అయిదు సెంట్లు, ఆ నాణేన్ని అక్కడ నికెల్ అంటారు, దానికి గ్రీకుల పాటల మండపం ‘ఓడియన్’ను తగిలించారు. 1913లో మద్రాసు మౌంట్ రోడ్డులో వచ్చింది ఎలక్ట్రిక్ థియేటర్, అప్పటికి కరెంటే ఒక వింత మరి. మన రఘుపతి వెంకయ్యగారు 1914లో అదే ఊళ్లో కట్టింది గెయిటీ. వీటిలో ఎక్కడా టాకీస్ కనబడదు. ఆ తర్వాత సంధ్య 70 ఎం.ఎం., సుదర్శన్ 35 ఎం.ఎం. అంటూ హైదరాబాదులో ఫిల్ము వెడల్పునే పేరుకు తగిలించారు, అదీ ఇదే వరస.

చిక్కల్లా ఎక్కడంటే, మూకీల కాలంలో కట్టిన హాలుకే తర్వాత ధ్వని యంత్రాలు బిగించి, బోర్డు మీద టాకీస్ చేర్చి ఉండవచ్చు. అలాంటప్పుడు ‘తర్వాత ఫలానా టాకీస్‌గా పేరుపడ్డ హాలు’ అని రాయండి, గొడవ ఉండదు. థియేటర్ అనే మాటతోనూ కాస్త జాగ్రత్త, మొదట్లో చాలా ఊళ్లలో నాటకశాలల్లోనే బొమ్మలూ వేసేవారు కాబట్టి అది నాటకాలదా సినిమాలదా అన్నది తేలదు. (సినిమా ‘ఆడింది’ అనడం, మొదటి ఆట, రెండో ఆట అనడం కూడా నాటకాలు, తోలుబొమ్మలాటల వాసనే.) 1910కి ‘సినిమా హాళ్లు’ అనేయండి, హాయి.

ఇక బహువచనం. ఇంగ్లీషులో ఆ చివరి ‘స్’ బహువచనమే కావచ్చు గానీ, మనం తెచ్చుకున్నది ఒక భవనం పేరుగా. టాకీసులో, టాకీసుకి అంటున్నామంటే అది మనకు ఏకవచనమే, కాబట్టి రెండుంటే టాకీసులే. హాలుకు మాత్రం రైలు–రైళ్లు లాగా హాళ్లు ఉండగా ‘హాల్స్’ అని రాస్తారెందుకో నాకర్థం కాదు.

డౌన్‌టౌన్‌ను ‘దిగువ పట్టణం’ చేయకండి. న్యూయార్క్‌లో ఊరు మన్‌హటన్ దీవి దక్షిణపు కొసన మొదలై ఉత్తరానికి పెరిగింది, మ్యాపులో అది కిందివైపు కాబట్టి ఆ మాట వచ్చింది. తర్వాత ఏ నగరంలోనైనా వ్యాపారం గుమిగూడే నడిమి చోటుకు అదే పేరైంది. ట్రాములన్నీ అక్కడికే వచ్చేవి కాబట్టి పెద్ద హాళ్లూ అక్కడే లేచాయి, జనం కార్లు కొనుక్కుని శివార్లకు మళ్లి, ఇంట్లో టీవీ పెట్టుకున్నాక వాటిలో చాలా మూతపడ్డాయి. ‘నడిబొడ్డు’ చక్కగా సరిపోతుంది, మరీ సాహిత్యంలా అనిపిస్తే ‘సెంటర్’ అని రాయండి, అందరికీ తెలిసిన మాటే.