పైలట్ కాకుండా ఎయిర్‌ఫోర్స్‌లో చేరితే సంతృప్తి ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. మార్కులు బాగున్నాయి, క్యాంపస్‌లో ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఉంది. కానీ తను ఎయిర్‌ఫోర్స్ అంటోంది. కంటిచూపు వల్ల ఫ్లయింగ్ బ్రాంచికి వీలుపడదని తెలిశాక కూడా మానలేదు. ఎఎఫ్‌క్యాట్ (వాయుసేన ఆఫీసర్ల ప్రవేశ పరీక్ష) రాసి టెక్నికల్ బ్రాంచిలో చేరతానంటోంది. పైలట్ అయితే పేరు, తృప్తి ఉంటాయి, నేల మీద పనిచేసేవాళ్లకు ఏముంటుందన్నది నా సందేహం. రిటైరైన ఒక బంధువు ‘అంతకంటే మంచి జీవితం లేదు’ అంటారు. ఇంకొకరు మధ్యలోనే బయటికొచ్చేసి ‘పొరపాటున కూడా పంపకండి’ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? – ఒక తండ్రి

జవాబు: ఇద్దరి మాటా నమ్మండి. వాళ్లు ఒకే ఉద్యోగం గురించి చెబుతున్నా, చెబుతున్నది వేర్వేరు విషయాల గురించి.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1950ల చివర్లో పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడిగాడు. ఉద్యోగంలో మీకు చాలా ఆనందం కలిగిన సందర్భం ఏది? చాలా బాధ కలిగిన సందర్భం ఏది? ఆనందం గురించి చెప్పినప్పుడు వాళ్లు ఎక్కువగా పని గురించే మాట్లాడారు. ఏదో సాధించడం, గుర్తింపు రావడం, బాధ్యత చేతికి రావడం. బాధ గురించి చెప్పినప్పుడు మాత్రం నిబంధనలు, పైఅధికారి తీరు, జీతం, పని పరిస్థితులు వచ్చాయి. సంతృప్తినిచ్చేవి ఒక వైపు, అసంతృప్తినిచ్చేవి మరో వైపు ఉన్నాయి. ఒకటి పెరిగితే రెండోది తగ్గాలని లేదు. మీ బంధువులిద్దరూ నాకు ఇందుకు చక్కటి ఉదాహరణల్లా కనిపిస్తున్నారు. ఒకరు పనిని తలచుకుని మాట్లాడుతున్నారు, ఇంకొకరు బహుశా ఆ పని చుట్టూ ఉన్న జీవితాన్ని.

ముందు పని సంగతి చూద్దాం. మీ అసలు సందేహం అదే కదా.

వాయుసేనలో చేసినవాళ్లతో మాట్లాడే అవకాశం నాకు చాలాసార్లు వచ్చింది. ‘మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏది?’ అని అందరినీ అడుగుతాను. పైలట్లలో ఎక్కువమంది మొదటిసారి ఒంటరిగా విమానం నడిపిన రోజు చెబుతారు. దుండిగల్ అకాడమీలో అన్నాళ్లూ పక్కనో వెనకో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ ఆ రోజు దిగిపోతాడు, ఆ సీటు ఖాళీ. నేల మీద పనిచేసినవాళ్ల జవాబు మాత్రం మీరు ఊహించినట్టు ఉండదు. వాళ్లు ఎక్కువగా చెప్పేది ఒక సంతకం గురించి.

ప్రతి విమానానికీ ఫారం 700 అని ఒక పత్రం ఉంటుంది. ఇంజిన్ చూసినవాళ్లు, రేడియో, రాడార్ చూసినవాళ్లు, ఆయుధాలు అమర్చినవాళ్లు, ఎవరి పనికి వాళ్లు అందులో సంతకం పెట్టాలి. చివర్లో పైలట్ వచ్చి, అది చూసి, తనూ సంతకం చేసి విమానం తీసుకుంటాడు. ఆ పత్రం మీద ఉన్న పేర్లను నమ్మి ఒక మనిషి ఆకాశంలోకి వెళ్తున్నాడన్నమాట. ఒక రిటైర్డ్ టెక్నికల్ ఆఫీసర్ నాతో అన్నారు: ‘విమానం తిరిగొచ్చి చక్రాలు రన్‌వేని తాకేదాకా టీ తాగినా రుచి తెలిసేది కాదండీ. పదిహేనేళ్లు చేశాక కూడా అంతే.’ ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. ఆ భారాన్నే ఆయన సంతృప్తి అనుకుంటున్నారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఇంత బాధ్యత చేతికిచ్చే కొలువులు చాలా తక్కువ. మీ అమ్మాయికి కావలసింది అలాంటిదేనా అన్నది నేను మొదట తేల్చుకోమనే విషయం.

పేరు సంగతి కూడా అడిగారు. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్ సరిహద్దులో జరిగిన గగనతల పోరు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు రాడార్ తెర ముందు కూర్చుని మన పైలట్లకు దారి చూపిన ఫైటర్ కంట్రోలర్ స్క్వాడ్రన్ లీడర్ మింటీ అగర్వాల్. ఆ ఏడాది ఆమెకు యుద్ధ సేవా పతకం ప్రకటించారు. ఆ పతకం అందుకున్న మొదటి మహిళ ఆమె. ఫైటర్ కంట్రోలర్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు వచ్చేది గ్రౌండ్ డ్యూటీలోని అడ్మినిస్ట్రేషన్ బ్రాంచి నుంచి. మీ అమ్మాయి టెక్నికల్ బ్రాంచితో పాటు దీన్ని కూడా చూడొచ్చు, ఈ సంగతి చాలామంది ఇంజినీరింగ్ పిల్లలకు తెలియదు. అలాగే మన వాయుసేనలో ఎయిర్ మార్షల్ హోదాకు చేరిన తొలి మహిళ పద్మా బందోపాధ్యాయ. ఆవిడ తిరుపతిలో పుట్టారు. డాక్టరే గానీ పైలట్ కాదు.

పేరు ఎవరికీ తెలియని పనులు ఇంకా ఎక్కువ. నాకైతే వాయుసేన గొప్పదనం అక్కడే కనిపిస్తుంది. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదల్లో హెలికాప్టర్లు వేలమంది యాత్రికులను కొండల్లోంచి తెచ్చాయి, అది టీవీల్లో చూశాం. ఆ హెలికాప్టర్లకు కొండల్లో ఇంధనం ఎక్కడిది? సీ-130జే రవాణా విమానాలు ధరాసు అనే చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో దిగి, తమ ట్యాంకుల్లోని ఇంధనాన్ని తోడి ఇచ్చాయి. అది ఆలోచించినవాళ్లు, పైపులు బిగించినవాళ్లు, లెక్క చూసినవాళ్లు ఏ ఫొటోలోనూ లేరు. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు బేగంపేట నుంచి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను సీ-17 విమానాల్లో భువనేశ్వర్ పంపారు. మూడు రోజుల సమయం ఆదా అయింది. అంత పెద్ద లారీని విమానంలోకి ఎక్కించి, గాలిలో అంగుళం కదలకుండా గొలుసులతో కట్టాలి. ఆ పని చేసిన వ్యక్తికి తన సర్వీసులో గొప్ప రోజు ఏదని వేరే అడగాలా?

ప్రమాదాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అదే ఉత్తరాఖండ్‌లో జూన్ 25న గౌరీకుండ్ దగ్గర ఒక ఎంఐ-17 కూలి 20 మంది చనిపోయారు. 2004 డిసెంబర్ 26 సునామీలో కార్ నికోబార్ స్థావరం ధ్వంసమై వందమందికి పైగా సిబ్బంది, కుటుంబసభ్యులు కొట్టుకుపోయారు. బతికినవాళ్లు రన్‌వే మిగిలినంత మేరకు వాడుకుని సహాయ విమానాలను దింపారు. గ్రౌండ్ డ్యూటీలో ప్రాణభయం పైలట్ల కంటే తక్కువే. కానీ నిన్న మెస్‌లో పక్కన కూర్చుని భోంచేసిన మనిషి ఇవాళ లేడన్న అనుభవం ఈ కొలువులో ఎవరికైనా ఎదురు కావచ్చు.

ఇప్పుడు రెండో బంధువు మాట. ఆయన అబద్ధం చెప్పడం లేదు. పోస్టింగులు రెండు మూడేళ్లకోసారి మారతాయి. ఇల్లు సర్దడం, విప్పడం, పిల్లల్ని కొత్త బడిలో చేర్చడం మళ్లీ మళ్లీ ఉంటుంది. కేంద్రీయ విద్యాలయాలు, ఎయిర్‌ఫోర్స్ స్కూళ్లు ఉన్నాయి కాబట్టి సిలబస్ బాధ కొంత తగ్గుతుంది, స్నేహితులు దూరమయ్యే బాధ తగ్గదు. అన్నింటికన్నా బరువు జీవిత భాగస్వామి ఉద్యోగం మీద పడుతుంది. సర్వీసులో ఉన్నది భర్త అయితే భార్య ఉద్యోగం మానుకోవడం మన దగ్గర మామూలుగా జరిగిపోతోంది. ఉన్నది భార్య అయితే ఆ సర్దుబాటు ఎవరు చేయాలి? సర్వీసులో ఉన్న మహిళలు నాతో మనసు విప్పి చెప్పుకున్న కష్టాల్లో ఇదే మొదటిది. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు మీరే ఈ మాట అవతలి వాళ్లతో ముందుగా, స్పష్టంగా మాట్లాడాల్సి ఉంటుంది. శిక్షణ కాలంలో పెళ్లి కుదరదు, ఆ తొందర ఉంటే ఇప్పుడే పక్కన పెట్టండి.

నచ్చకపోతే నోటీసు ఇచ్చి వెళ్లిపోవడం ఇక్కడ ఉండదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన స్నేహితురాలు మూడేళ్లలో మూడు కంపెనీలు మారుతుంటే, ఈ అమ్మాయి సెలవు దొరుకుతుందా లేదా అని టెన్షన్ పడుతూ ఉండొచ్చు. ఆఫీసర్లకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 20 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. కాగితం మీద ఇంతకంటే బాగా ఇచ్చే ఉద్యోగం అరుదు, కానీ యూనిట్‌కు మీ అవసరం ఉన్న రోజున ఆ లెక్క పనిచేయదు.

టెక్నికల్ బ్రాంచి ఆశించే పిల్లలకు నేను ప్రత్యేకంగా చెప్పేది ఇంకొకటి ఉంది. అక్కడి పని ముఖ్యంగా నిర్వహణ. ఉన్న విమానాన్ని, రాడార్‌ను ఎగరడానికి, పనిచేయడానికి సిద్ధంగా ఉంచాలి, మనుషులతో పని చేయించాలి, రికార్డులు చూడాలి, విచారణ కమిటీల్లో కూర్చోవాలి, మెస్ లెక్కలు చూడాలి. కొత్త సర్క్యూట్ గీయడం, కొత్త యంత్రం తయారుచేయడం అందులో చాలా తక్కువ. చేరి నిరాశపడిన ఇంజినీర్లలో నేను చూసినవాళ్లు ఎక్కువగా డిజైన్ మీద ప్రేమతో వచ్చినవాళ్లే. మీ అమ్మాయికి ప్రాజెక్టు ల్యాబులో రాత్రిళ్లు కూర్చోవడం ఇష్టమా, లేక కాలేజీ ఫెస్ట్‌లో యాభైమందితో పని చేయించడం ఇష్టమా? మొదటిదైతే డీఆర్‌డీఓ, ఇస్రో, హెచ్‌ఏఎల్ వైపు చూడమనండి. విమానాలకు అక్కడా దగ్గరగానే ఉంటుంది. రెండోదైతే యూనిఫాం ఆమెకు నప్పుతుంది.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. ఫ్లయింగ్ ఆఫీసర్ (ఇది తొలి హోదా పేరు, పైలట్లకే కాదు) మూలవేతనం 56,100 రూపాయల దగ్గర మొదలవుతుంది. దాని మీద నెలకు 15,500 మిలిటరీ సర్వీస్ పే, డీఏ, ఇతర అలవెన్సులు. క్వార్టర్లు, వైద్యం కూడా చూసుకుంటే మొదటి కొన్నేళ్లు చాలా క్యాంపస్ ఉద్యోగాల కంటే మెరుగే. అసలు తెలుసుకోవాల్సింది ఎన్నేళ్లు ఉంటారన్నది. ఎఎఫ్‌క్యాట్ ద్వారా గ్రౌండ్ డ్యూటీలో వచ్చేది షార్ట్ సర్వీస్ కమిషన్: పదేళ్లు, ఆపైన నాలుగేళ్ల పొడిగింపుకు అవకాశం. పర్మినెంట్ కమిషన్ (రిటైర్మెంట్ దాకా కొనసాగడం) ఖాళీలను, మెరిట్‌ను బట్టి కొందరికే దొరుకుతుంది. అది రాకపోతే పెన్షన్ ఉండదు, ముప్పై ఐదేళ్ల చుట్టుపక్కల మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. అసంతృప్తితో బయటికొచ్చిన చాలామందిని నేను కదిపి చూస్తే, కోపం ఎయిర్‌ఫోర్స్ మీద కాదు, ఈ సంగతి చేరేటప్పుడు పట్టించుకోనందుకు తమ మీద. పదమూడేళ్లకు వింగ్ కమాండర్ దాకా ప్రమోషన్ కాలాన్ని బట్టే వస్తుంది. గ్రూప్ కెప్టెన్ నుంచి ఎంపిక మీద, అక్కడ చాలామంది ఆగిపోతారు. పర్మినెంట్‌గా ఉండిపోయినవాళ్ల బాధ ఎక్కువగా ఇదే.

ఒకవేళ ఎవరైనా మీకు అగ్నివీర్ వాయు గురించి చెప్పి కంగారు పెడితే, అది ఆఫీసర్ల కింది స్థాయి సిబ్బందిని తీసుకునే వేరే దారి. 2022లో మొదలైంది, నాలుగేళ్ల సర్వీసు, చివర్లో 25 శాతం వరకే కొనసాగింపు. మీ అమ్మాయి వెళ్తున్నది ఆఫీసర్ పోస్టుకు, రెండూ కలిపి భయపడకండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. పంపండి, కనీసం ప్రయత్నించనివ్వండి. పైలట్ కాలేనని తెలిశాక కూడా ఒక పిల్ల ఆ ఊసు వదలలేదంటే, ఆమెను లాగుతున్నది సినిమా మెరుపు కాకపోవచ్చు. ఎఎఫ్‌క్యాట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, గ్రౌండ్ డ్యూటీకి 26 ఏళ్ల లోపు అర్హత, చివరి సంవత్సరంలో ఉండగానే దరఖాస్తు పెట్టొచ్చు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ మార్కులు ఒక్కోదానిలో 50 శాతానికి, డిగ్రీ మార్కులు 60 శాతానికి తగ్గకుండా ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోమనండి. రాత పరీక్ష కంటే ఎఎఫ్‌ఎస్‌బీ (వాయుసేన ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ కష్టం. డెహ్రాడూన్, మైసూరు, వారణాసి లాంటి చోట్ల కొన్ని రోజులు అక్కడే ఉంచి పరీక్షిస్తారు, మొదటిరోజే చాలామందిని వెనక్కి పంపేస్తారు. మొదటిసారి రాకపోతే అది అవమానం కాదు, ముందే ఆమెకు ఆ మాట చెప్పి పంపండి. ఈలోగా క్యాంపస్ ఇంటర్వ్యూలకు కూడా వెళ్లనివ్వండి, ఒకదానికొకటి అడ్డం కాదు.

దానికంటే ముందు ఒక పని చేయండి. ఆ ఇద్దరు బంధువుల దగ్గరికీ అమ్మాయిని తీసుకెళ్లండి. ‘ఎలా ఉంటుంది?’ అని అడగొద్దు, దానికి అందరూ అలవాటైన జవాబే చెబుతారు. పొగిడిన ఆయన్ని ‘మీ ఇంట్లోవాళ్లకు అన్నింటికన్నా కష్టమైన ఏడాది ఏది?’ అని అడగమనండి. తిట్టిన ఆయన్ని ‘మీకు బాగా గుర్తున్న మంచి రోజు ఏది?’ అని అడగమనండి. వీలైతే వాళ్ల భార్యలతో కూడా, మీరు లేకుండా, కాసేపు మాట్లాడనివ్వండి. ఇంటికొచ్చాక మీ అభిప్రాయం చెప్పకుండా, తను ఏం విన్నదో ముందు తననే చెప్పమనండి.